అర్హత

పొట్టంగి బ్లాక్ ఆఫీసు అరుగు మీద
ఫారం రాస్తే నాకు పది రూపాయలు.
దాలమ్మ దగ్గర ఐదే తీసుకున్నాను,
వేళ్లు కొంకర్లు పోయి చిల్లర లెక్కపెట్టలేకపోయింది.

ఒడియాలో అడిగినవి తెలుగులో అడుగుతాను.
తెలుగులో చెప్పినవి
ఒడియా అక్షరాల గొడుగుల కింద పెడతాను.
వయసు? "పెద్దగాలి ఏడు పుట్టినాను."
ఇంట్లో ఎందరు?
"నానూ, మేకా. సలికాలం లోపలే పడుకుంటాది."
మేకను రాయలేదు.

లోపల గుమాస్తా కంప్యూటర్‌లో చూశాడు:
ఈమెకి గ్యాస్ ఇదివరకే ఇచ్చాం. అర్హత లేదు.

ఇచ్చారు, నిజమే.
ఆ బండని నేనూ చూశాను.
మూడేళ్లుగా ఖాళీ.
కొండగాలి తలుపు తోసుకురాకుండా
అడ్డం నిలబెట్టింది.

"పోనీ, ఆ బండ తిరిగిచ్చెత్తే?"
ఒడియాలోకి మార్చి చెప్పాను.
గుమాస్తా నవ్వలేదు. పాపం, వెతికాడు.
దానికి ఫారం లేదు.

అరుగు దిగుతూ మంచులో వంగి
నేను తప్పు రాసి నలిపేసిన కాగితాలు
ఒక్కొక్కటీ ఏరి ఒడిలో వేసుకుంది.
"రాజేసుకోడానికి, బాబూ."

నాలుగు దొరికాయి.
ఐదోది తెల్లకాగితం.
నేనే నలిపి ఇచ్చాను.