పెంట చెప్పిన ఎరుక

మా అవ్వ మనిషి చెయ్యి పట్టుకొని
గీతల మీద పుల్ల ఆనిచ్చి ఎరుక చెప్పేది.
నేను పొద్దుగాల పందుల దొడ్లె గొంతుక్కూసొని
పెంట సూసి చెప్త.

నవ్వకురి.
అబద్ధమాడే చేతులు మస్తున్నయి గని
అబద్ధమాడే పెంట ఉండదనుకున్న, నిరుటి దాక.

కాజీపేట రైలు కట్ట కింద దొడ్డి.
పద్నాలుగు పందులు, అండ్ల నాలుగు సూడియి.
తారు డ్రమ్ము కోసి చేసిన పొయ్యి,
దాని మీద మసి వట్టిన గంగాళం.
ఫంక్షన్ హాల్ల మిగిలిన బువ్వ,
చౌరస్తా టిఫిన్ సెంటరోళ్ళ పులిసిన పిండి,
మిల్లు కాడ ఊడ్చుకొచ్చిన మక్కలు.

మొదాలు మక్కలు పచ్చియే పోసేది.
గింజ ఎట్ల పోయిందో అట్లనే వచ్చేది,
కడిగి మల్ల చేన్ల ఏసేటట్టు.
కోళ్ళు ఉరికొచ్చి ఏరుకునేటియి.
"బస్తా పైసలు పందికి వెట్టినమా, కోడికి వెట్టినమా?"
నా పెనిమిటి కొమ్రెల్లి బీడి ఆర్పి అడిగేటోడు.

మామునూరు నుంచి ఉదయశ్రీ అని ఒక పిల్లొచ్చింది,
పశువుల సదువు సదివేది.
చేతులకు రబ్బరు తొడుగులు, సంచిల తరాజు.
వారం దినాలు పంది తిన్నది తూచింది,
ఏరిగింది తూచింది,
డబ్బాల వట్టుకపోయి ఎండవెట్టి మల్ల తూచింది.
"లోపలికి పోయిన దాంట్లకెల్లి
బయటికొచ్చింది తీసేస్తే
మిగిలేదే పంది, రాజవ్వా" అన్నది.
బడి మొకం సూడని నాకు
పానంల ఒక్క లెక్క సక్కగ ఎక్కింది.

గింజల పిండి ముడుసుకొని పంటదట.
ఆవిరి తాకితే ఉబ్బి ఒళ్ళు ఇడుస్తదట,
అప్పుడు చిన్న పేగే దాన్ని సగవెడ్తది.
లేకపోతె పెద్ద పేగు దాక పోయి పులిసి,
గాలై పోతది.
బాలింతకు మా అవ్వ నూకలు అంతసేపెందుకు ఉడకవెట్టేదో
ఒక పంది కడుపు చెప్పింది నాకు.

సోయా ముచ్చట వేరే.
నిర్మల్ దిక్కుకెల్లి అగ్గువకొచ్చిందని
పాలిడిసిన పిల్లలకు పచ్చిదే నూరి పోసిన.
నీళ్ళ లెక్క పారింది.
పదకొండింట్ల ఐదు దక్కినయి.
గింజ లోపల కావలి కుక్క ఉంటదట,
అరిగించే రసాన్ని కరిసి వట్టుకుంటది.
దాన్ని ఎల్లగొట్టాలంటే మంటే దిక్కు.

గట్లనా, మంట మంచిదే గదా అనుకున్న.
తుమ్మ మొద్దులు నూకి
సోయాను ఎర్రగ, ఇంకింత ఎర్రగ ఏంచిన.
ఏం వాసన!
రైల్వే క్వార్టర్ల పోరగాండ్లు కట్ట దిగొచ్చి నిలవడ్డరు,
ఉప్పేసి దోసెడు దోసెడు పంచిన.
నేను గూడ తిన్న.
పందులు తొట్టి నాకినయి.
పెంట సూస్తె గట్టిగ, ముద్దగ, ముచ్చటైన పెంట.
నెల దాటినంక కాంట మీద ఎక్కిస్తే
ముల్లు ఉన్నకాడనే ఉన్నది.

ఉదయశ్రీ గింజ కొరికి సూసింది.
మంట ఎక్కువైతే
మాంసం కట్టే సరుకు పిండిల తీపితోని ముడివడతదట.
పేగు ఆ ముడి ఇప్పలేదు.
కొంచెం రక్తంల కలిసినా
పనికిరాక ఉచ్చల పోతదట.
"మరి పెంటల కనవడలేదు గదనే?"
"అన్ని పెంటల కనవడయి, అవ్వా."

ఆ రాత్రి నాకు నిద్ర వట్టలే.
మా అవ్వ గూడ కొందరి చెయ్యి
ఊరికెనే ఇడిసిపెట్టేది, పైసలు ముట్టకుంట.
ఏం కనవడకనా, కనవడా?
అడగనే లేదు నేను.

ఇప్పుడు గంగాళం కాడ
కండ్లు మూసుకొని నిలవడ్త.
పచ్చి వాసన పోవాలె.
కమ్మటి వాసన ఇంక మొదలు గావద్దు.
ఆ రెంటి నడుమ ఒక బీడి కాలేంత సందు,
అండ్లనే కట్టెలు గుంజి నీళ్ళు చల్లుత.

పోరగాండ్లు కట్ట మీదికెల్లి ఒర్రుతరు:
"అవ్వా, ఏంచుతలేవా?"
ఏంచుతున్న బిడ్డా.
మీకు వాసన రాకుంట.