పరుగుల పరీక్ష

రేగొండ మండలాఫీసు వాన రిజిస్టర్లు
పన్నెండేళ్లవి, గోనెసంచిలో వచ్చాయి హన్మకొండకు.
నా పని చిన్నదే.
మధ్యగతానికి పైనున్న రోజుకు కూడిక గుర్తు,
కిందున్న రోజుకు తీసివేత.
ఒకే గుర్తు ఎంత దూరం నడిస్తే అంతా ఒక పరుగు.
పరుగులు లెక్కపెట్టడం, అంతే.

వాన ఈ పరీక్షలో ఎప్పుడూ తప్పుతుంది.
జూలై ఆగస్టు కలిపి అరవై రెండు రోజులు.
బొమ్మాబొరుసు వేసినట్టు కురిస్తే
ముప్పై రెండు పరుగులుండాలి.
పద్దెనిమిది వస్తాయి, పంతొమ్మిది వస్తాయి.
ముసురు పట్టిందంటే వారందాకా మొగులు ఇల్లు కదలదు,
వరపయిందా, పత్తి గింజలు మళ్లీ కొనాల్సిందే.
వానకు నిన్నటి సంగతి యాదుంటుంది.

తొంభై ఎనిమిదిలో మాత్రం
నలభై ఏడు.
పన్నెండు, సున్నా, ఇరవై ఒకటి, రెండు, పదిహేడు, సున్నా…
ఇంత బుద్ధిగా తడిసి, ఆరి, తడిసిన వానాకాలాన్ని
నేను పుట్టి చూడలేదు.

రాజమొగిలి రిటైరై చాలా ఏళ్లు.
పేరులోనే మొగులున్న మనిషి
బీడీ ఆర్పి, కుర్చీ తుడిచి వేశాడు.
“కొలిచే గ్లాసు పల్గింది మేడం.
ఇండెంట్ పెట్టిన, రాలే. మల్ల పెట్టిన.
పొద్దున ఎనిమిదిన్నరకు వరంగల్‌కు ఫోన్ల అంకె చెప్పాలె గదా.
వరుసగ ఒకటే తీరు చెప్తే అనుమానమొస్తదని
మార్చి మార్చి చెప్పిన.”

నా క్లాసు పిల్లలూ అంతే.
నాణెం ఎగరేయకుండా ఎగరేసినట్టు రాయమంటే
నాలుగు బొమ్మలు వరసగా పడనివ్వరు.
నిజం అంత మొండిగా ఉంటుందంటే నమ్మరు.

చాయ్ అయ్యేదాకా ఇంకేం మాట్లాడలేదు.
తర్వాత తనే వేలు పెట్టాడు,
ఆగస్టు పదిహేడు మీద.
“పదారున నలభై చెప్పిన.
గంత వడ్డంక తెల్లారి సున్న ఉండాలె అనుకొని
ముందే రాసిపెట్టుకున్న.
గా రాత్రే వాగు మా మేకలను గొట్కపోయింది.
తడి లుంగీతోనే పోయి ఫోన్ల సున్న చెప్పిన.”

“ఎన్ని?” అన్నాను, అలవాటు కొద్దీ.

ఇంటికొచ్చి అరవై రెండు గళ్లలోనూ
‘వివరం లేదు’ అని నింపాను. పద్ధతి అదే.
పదిహేడు దగ్గర పెన్సిల్ కాసేపు ఆగింది.
ఆ గడికి మిల్లీమీటర్లు తప్ప వేరే కొలత తెలియదు.
మార్జిన్‌లో, రబ్బరు తాకితే పోయేంత సన్నగా
రాశాను:
పదకొండు. అందులో రెండు చూడివి.