మూడు వేలు దాటాక

పెరట్లో బట్టల తీగ కింద
ఎనిమిది నెలలుగా బానెట్ లేని
రెండు సీట్ల ఎర్ర కారు.
టర్బో, రాజాం తుక్కుకొట్లో తూకానికి దొరికింది.
మానిఫోల్డు మాత్రం
జూటుమిల్లు ఫిట్టరు అసిరినాయుడు
మూడుసార్లు అతికి, నాలుగుసార్లు తిట్టినది.
గాస్కెట్‌కి రాగిరేకు ఎక్కడిదో
మా ఆవిడ బిందె వెతికేదాకా చెప్పను.

"ఒగ్గేసిన పొగ చేతే
మళ్లీ గాలి తోయించీడం గదేటి?
మా మేనేజరూ అదే సేసీవోడు."

తెల్లారగట్ల, నెల్లిమర్ల రోడ్డు.
మూడు వేలు దాటగానే
సన్నగా ఈల,
వీపు సీటుకి అంటుకుపోయింది.

తాళమేసిన మిల్లు గేటు ముందు
పక్కసీట్లో అసిరినాయుడు
వాచీ లేని మణికట్టు చూసుకున్నాడు.
"ఆలీసమైపోనాది" అన్నాడు,
మోచేత్తో నా డొక్కలో పొడిచి,
"మూడో గేరెయ్యి బావూ."