పోయిన సోమవారం

సాంటియాగో నుంచి ఆక్లండ్‌కి
తొమ్మిది వేల ఆరు వందల చిల్లర కిలోమీటర్లు.
ఎదురుగాలి మరీ మొండికేయకపోతే పదమూడు గంటలు.
ఆన్సెల్మో వెంచుమాన్ ఈ లెక్కని
సిగరెట్ పెట్టె వెనక రాసుకున్నాడు.
సిగరెట్లు మానేసి పదేళ్ళు,
పెట్టె మాత్రం జేబు వదల్లేదు.

ముప్పై ఏళ్ళు వల్పరైసో కొండల మీద బస్సు తోలినవాడు,
ఇప్పుడు మోసేది ఒక్క నీలం డబ్బాని.
లోపల ఎవరిదో మూలుగ,
ఇంకెవరికో.
పేర్లు లేవు. ఒక అంకె, ఒక థర్మామీటరు,
డెబ్బై రెండు గంటల ఆయుష్షు.

ఎక్స్‌రే కింద పెట్టొద్దని కాగితం చూపించాడు.
కుర్ర అధికారి రెండుసార్లు చదివి
డబ్బాని రెండు చేతులా ఎత్తి అవతల పెట్టాడు,
నిద్రపోతున్న పిల్లని పక్క మార్చినట్టు.

ఆదివారం రాత్రి పదకొండున్నర. చక్రాలు నేల వదిలాయి.
తెర మీద దారి తిన్నగా లేదు,
దక్షిణానికి, మంచు వైపుకి, విల్లులా వంగి ఉంది.
"చుట్టు తిప్పుతున్నాడు వీడు"
అన్నాడు ఆన్సెల్మో, బస్సువాడి అనుమానంతో.
పక్క సీటు తామాతి
పటగోనియాలో గొర్రెల బొచ్చు కత్తిరించి ఇంటికెళ్తున్నవాడు,
నారింజపండు తీసి గోటితో గీశాడు:
గుండ్రటి దాని మీద వంకరదే దగ్గర దారి.
ఆ దారిని తర్వాత ఇద్దరూ ఒలుచుకు తిన్నారు.

కింద దీవి లేదు, దీపం లేదు.
నిద్ర ముంచుకొస్తుంటే
డబ్బా పట్టీలో పాదం దూర్చాడు.
ఎక్కడో, ఏ కుదుపూ లేకుండా, తేదీ రేఖ.
పూర్తిగా తొడుక్కోకముందే
సోమవారం ఊడిపోయింది,
గుండీ రాలినంత చప్పుడైనా చేయకుండా.
ఆ రోజు అతనికి అరవై నాలుగు నిండాలి.

ఆస్పత్రిలో నర్సు మేరెఆనా ఫారం చూసి ఆగిపోయింది.
తీసింది ఆదివారం ఉదయం పదికి.
ఇప్పుడు మంగళవారం ఉదయం ఆరు.
వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. నలభై నాలుగు!

ఆన్సెల్మోకి ఇంగ్లిషు రాదు.
మణికట్టు చాచాడు.
దారంతా తిప్పని గడియారం,
అందులో ఇంకా సోమవారమే, మధ్యాహ్నం రెండు.
ఆమె నలభై నాలుగుని కొట్టేసి
ఇరవై ఎనిమిది అని రాసింది.
చిన్నగా, కానీ గట్టిగా నొక్కి.

తలుపు అవతల ఎవరో ఉన్నారు. చూడకూడదని నియమం.
చూడలేదు.
ఒక దగ్గు వినబడింది,
పిల్లదో పెద్దదో తేలని దగ్గు.

తిరుగు దారిలో గాలి వెనకనుంచి తోస్తుంది, పదకొండు గంటలే.
బుధవారం సాయంత్రం ఎక్కి
అదే బుధవారం మధ్యాహ్నం దిగాలట.
"రెండు బుధవారాలు ఏం చేసుకోను?
ఒకటి తీసుకుని నా సోమవారం ఇచ్చేయండి"
అన్నాడు కౌంటరులో స్పానిష్ వచ్చిన అమ్మాయితో.
ఆమె నవ్వి కిటికీ సీటిచ్చింది.

ఖాళీ డబ్బాని పై అరలోకి నెట్టేసి
కాళ్ళు బార్లా చాపుకున్నాడు.
గడియారం ఈసారీ తిప్పలేదు.