ఒక్క అక్షరం

రామాయపట్నం బైబిలు బడి నుంచి సెలవులకొచ్చి
టంగుటూరులో, బేరన్ పొయ్యి ముందు
పిన్నితో పాటు రాత్రి కాపలా.
లోపల ఆకు పసుపు తిరుగుతోంది.
తెల్లారేదాకా వేడి దిగకూడదు, ఎక్కకూడదు.

తుమ్మ మొద్దొకటి లోపలికి తోసి అడిగాను:
"దేవుడు అబద్ధమాడలేడంట.
షావుకారు ఆడగలడు. నేనూ ఆడగలను.
అంటే ఆయనకన్నా మనకే స్వేచ్ఛ ఎక్కువా?"

దీవెనమ్మ పిన్ని నవ్వలేదు.
పగలు కుట్టిన పచ్చాకు జిగురు
వేళ్ల నిండా, నల్లగా.

పోయినేడు గుమాస్తా పొరపాటున
ఆమె పేరున నలభై కర్రలు ఎక్కువ రాశాడు.
నా ఫీజు కట్టాల్సిన వారం అది.
సగం దారి నుంచి చీకట్లోనే వెనక్కి నడిచి
దిద్దించుకొచ్చింది.
"ఊరుకోలేకపోయాన్రా" అంది.
ఎవరూ కట్టెయ్యలేదు ఆమెని.

ఆడడు. ఆడలేడు.
మధ్యన ఒక్క "లే".
అది లేమి కాదని, ఆయన స్వభావమని
పరీక్షలో రెండు పేజీలు నింపాను.
ఏసోబు అయ్యగారు పదికి ఆరు వేశారు.

"మరి మనల్ని చెయ్యకుండా ఉండగలిగేవాడా?"
"ఎందుకుండడు? ఆయనకేం కరువు?"
థర్మామీటరు అద్దం మీద మసి
కొంగుతో తుడిచి
"చేశాడుగా" అంది,
నాతో కాదు, మంటతో.

ఆ మాట దగ్గరే నాకు నిద్ర పట్టేసింది.

భుజం మీద జిగురు వేళ్లు.
తూర్పున ఇంకా తెలుపు రాలేదు.
మొద్దులు అయిపోవచ్చాయి.

"లే" అంది పిన్ని.