ఇతర ఖర్చులు

మా ఊళ్ళో సముద్రం కట్టకు అవతల ఉంటుంది,
సంగీతం ఇవతల,
ఏడాదికి ఆరు శనివారాలు.

పందొమ్మిదేళ్ళుగా ఆ ఆరింటి పద్దు రాసేది నేనే, గేస్కెను.
పాల సహకార సంఘంలో ముప్పై ఏళ్ళు
వెన్న శాతాలు లెక్కగట్టిన చెయ్యి
ఇప్పుడు కుర్చీలు లెక్కపెడుతోంది.
టికెట్టు పన్నెండు యూరోలు. పిల్లలకు ఉచితం.
పిల్లలు రారు.

చర్చిలో హీటరు వేస్తే మనుషులు వస్తారు,
తీగలు అలుగుతాయి.
నాలుగు వందల ఏళ్ళ నాటి పాటకు
నాటి తీగే కావాలట, ఉక్కు పనికిరాదట,
గొర్రె పేగును పేని, ఆరబెట్టి, నూనె రాసి చేసింది.
మా అత్తగారి మోకాలి కంటే ముందే
వాన కబురు దానికి తెలుస్తుంది.
అందుకని గంట ముందే హీటరు కట్టేసి
దుప్పట్లు పంచుతాను. నలభై ఉన్నాయి.
చాలని రోజంటూ ఇంతవరకూ రాలేదు.

మొదటి ఏడు ఎవరో నా చెవిలో అడిగారు,
"ఇంతకీ వాయించేదెప్పుడు?"
బేరిపండు పొట్టతో ఉండే ఆ లూట్‌కు ఇరవై నాలుగు తీగలు,
ఇరవై నిమిషాలు వాయిస్తే పది నిమిషాలు శ్రుతి.
పాడి తెలిసినవాళ్ళం, దూడ కుడిచే దాకా ఆగగలం.
ఆగాం.
ఇప్పుడు ఆ శ్రుతి కోసమే వస్తారు ఇద్దరు,
మందుల షాపు అల్యే, ఆమె చెల్లెలు.
పాట మొదలవగానే అల్లిక బయటికి తీస్తారు.

రిండర్ట్ మాత్రం వెనక బల్ల మీద, తలుపు పక్కన.
కట్ట మీద రెండు వందల గొర్రెల్ని మేపుతాడు.
ఇరవై నోటిచ్చి చిల్లర తీసుకోడు,
ప్రతిసారీ ఒకటే ప్రశ్న:
"గేస్కె, ఇవాళ మావాళ్ళెవరైనా పాడుతున్నారా?"
తీగలు ఇటలీ నుంచి వస్తాయని
నేనెప్పుడూ చెప్పలేదు.

మొన్న వేసవిలో ఒక చిన్న దోమ జబ్బు మోసుకొచ్చింది.
గొర్రెల నాలుకలు నీలమయ్యాయి.
లారీ నాలుగుసార్లు తిరిగింది.
కట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది,
కొరికే నోరు లేక.
పలకరించడానికి వెళ్తే రిండర్ట్
కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాడు.

నవంబరు శనివారం. గాలివాన. పదిహేడు మంది.
రెండు రైళ్ళు మారి తడిసి వచ్చింది ఒట్టీలియా,
తను తడిసినా లూట్ పెట్టెను తడవనివ్వలేదు.
రిండర్ట్ వస్తాడనుకోలేదు.
వచ్చాడు. ఏమీ అడగలేదు.
మొదటిసారి ముందు వరుసలో కూర్చున్నాడు.
దుప్పటి వద్దన్నాడు.

మూడో పాటలో, నడక నెమ్మదించే చోట,
అన్నిటికన్నా సన్నతీగ ఠప్పున తెగింది.
కాసేపు చర్చిలో గాలిదే కచేరీ.
ఆమె కొత్త తీగ కట్టి మెల్లగా బిగించింది,
పైకి, ఇంకాస్త పైకి, కాదు, కిందికి,
అది అరిచింది,
ఆ అరుపు సన్నబడి, సన్నబడి, ఒకచోట నిలిచింది.
రిండర్ట్ తల పక్కకు వంచి వింటున్నాడు,
చీకటి కొట్టంలో ఈనబోయే గొర్రె దగ్గర
లాంతరు తగ్గించి నిలబడ్డవాడిలా.
ఆ తర్వాత ఏం వాయించిందో నాకు సరిగా గుర్తులేదు.

కుర్చీలు మడిచాక తెగిన తీగ కోసం వెతికాను,
ఊడ్చేయాలి కదా.
ఎక్కడా లేదు.
తలుపు దగ్గర రిండర్ట్
కోటు జేబులోంచి చెయ్యి తీయకుండానే
తలతో సెలవు చెప్పి వానలోకి దిగాడు.

ఆదివారం పద్దు రాశాను.
రాబడి రెండు వందల పన్నెండు, రిండర్ట్ చిల్లరతో కలిపి.
ఒట్టీలియాకు మూడు వందల యాభై, రైలుకు అరవై రెండు,
కాఫీ, కొవ్వొత్తులు.
చేతిచమురు ఎప్పట్లాగే నాది.
తీగకు డబ్బు తీసుకోనంది ఆ పిల్ల.
అయినా ఇతర ఖర్చుల కింద
"తీగ, ఒకటి" అని రాసి
ఎదురుగా అంకె వేయకుండా వదిలేశాను.
లెక్కలు చూసే అల్యే అడుగుతుంది.
అడగనీ.

జనవరిలో నాలుగు వయోలాలు వస్తున్నాయి,
ఒక్కోదానికి ఆరేసి తీగలు.
దుప్పట్లు ఉతకాలి.