దారం లేని మొదటి వారం

మొదటి వారం దారం ఇవ్వలేదు దోనా ఫెలిజార్ద.
సిమెంటు సంచి కాగితం చింపి
బొగ్గుతో ఒక గీత గీసి
"దీని మీద నడువు" అంది.
ఉత్త సూది, ఉత్త చప్పుడు.
కాగితం నిండా చీమలు పాకినట్టు బెజ్జాలు.
వెలుతురుకి ఎత్తి పట్టి చూసి
"తాగి నడిచావు, జెర్మానో" అంది.
పదకొండు మంది ఆడవాళ్లు నవ్వారు.
ఆ రేకుల షెడ్డులో నేనొక్కణ్ణే మగాణ్ణి.

నాకు పడవ ఉండేది.
తుపాను రాత్రి బైరా ఒడ్డున
ఇళ్లూ పడవలూ ఒకదాన్నొకటి బాదుకుని విరిగాయి.
మర్నాడు మా తలుపు దొరికింది,
ఎవరిదో తెడ్డు మా మంచం మీద దొరికింది,
పడవ దొరకలేదు.
ఈ మిషన్లు కూడా ఆ నీళ్లలో మునిగినవే.
కిరసనాయిలులో మూడు రోజులు నానబెట్టి
పళ్లు తోమినట్టు తోమారట.
నాలుగో మిషను పిడి తిప్పితే ఇప్పటికీ
గొంతులో ఉప్పు అడ్డంపడ్డట్టు దగ్గుతుంది.
అదే నాకిచ్చారు.

వలలు అల్లిన చేతులివి.
నేను వేసిన ముడి సొరచేప విప్పలేదు.
సూది ముందు మాత్రం
దారం నోట తడిపి, ఒక కన్ను మూసి,
పొద్దంతా బెజ్జం చుట్టూ తిరిగేవాణ్ణి.
వలకి కన్నాలే ప్రాణం.
బట్టకి కన్నం కనబడితే పరువు తక్కువ.
ఈ వయసులో
చేతులకి ఆ సంగతి నచ్చజెప్పడం
ఆలికి నచ్చజెప్పడం కంటే కష్టం.

ఒకే కాలరు ఏడుసార్లు విప్పించింది ఆవిడ.
"విప్పడం రానివాడికి కత్తెరివ్వను."

మూడో నెలలో
మిషన్లు ఇంటికి తీసుకెళ్లొచ్చన్నారు.
జుల్మీరా నెత్తిన పెట్టుకుని వెళ్లింది,
నాలుగు వారాలు రాలేదు.
పిల్లాడికి చలిజ్వరం.
మిషను కాజిమీరో కొట్లో తాకట్టు.
"ఇలాంటివాళ్ల చేతికి ఇస్తే ఇంతే"
అన్నారెవరో.
అన్నది నేనే.

దోనా ఫెలిజార్ద నావైపు చూడలేదు.
కొప్పులోంచి తెరచాపలు కుట్టే లావు సూది తీసి
"పద" అంది.

కాజిమీరో కొట్టు ముందు టార్పాలిను
తుపాను నాటి చిరుగులతో
తీగెలు కట్టి వేలాడుతోంది.
వానాకాలం నెత్తి మీదుంది.
ఇది కుట్టిపెడితే
వడ్డీ ఎంత కొట్టేస్తావని బేరం పెట్టింది ఆవిడ.
అతను పదన్నాడు, ఆవిడ అంతా అంది,
చీకటి పడేదాకా ఇద్దరూ
చేపల సంతలోలా అరుచుకున్నారు.
చివరికి ఆయన బుడ్డి దీపం కూడా ఇచ్చాడు.

టార్పాలిను గోడలా మధ్యన వేలాడుతోంది.
అటు జుల్మీరా, ఇటు నేను.
నేను గుచ్చితే ఆమె లాగింది,
ఆమె గుచ్చితే నేను లాగాను.
మొహాలు కనబడవు.
సూది మొన మాత్రం
నీళ్లలోంచి చేప తలెత్తినట్టు వచ్చేది.
"కొంచెం కిందికి" అంది.
"సరే" అన్నాను.
రాత్రంతా ఆ రెండు మాటలే.
నేనన్నది ఆమె చెవిన పడిందని నాకు తెలుసు.
తప్పయిందనడానికి నోరు రాలేదు.
కుట్లు దగ్గర దగ్గరగా వేశాను.

తెల్లారి కాజిమీరో
బకెట్టు నీళ్లు విసిరికొట్టి
కింద నిలబడి చెయ్యి చాచాడు.
చెయ్యి పొడిగానే ఉంది.
వడ్డీ పోయింది, అసలు పోలేదు.
బడిపిల్లల చొక్కాలకి జేబులు కుట్టి
రెండు నెలల్లో తీర్చింది జుల్మీరా.

నా కాలర్లు ఇంకా వంకరే.
తెరచాపలైతే నాకే తెస్తున్నారు.

నిన్న సంతకెళ్లి
నా డబ్బుతో మొదటిసారి
ఒక దారపుండ అడిగాను.
"ఏ రంగు?" అన్నాడు కొట్టువాడు.

తుపాను తర్వాత ఇచ్చినవన్నీ తీసుకున్నాను,
దుప్పటి, బకెట్టు,
ఎవరి కొలతకో కుట్టిన చొక్కా.
దణ్ణం పెట్టే తీసుకున్నాను.
ఏ రంగు కావాలని ఎవరూ అడగలేదు.

ఆకుపచ్చ చూశాను. ఎరుపు చూశాను.
నీలంలోనే మూడు నీలాలున్నాయి.
వెనకవాళ్లు సణిగారు.
సణగనీ.